చెస్ ఎప్పటికైనా పూర్తిగా సాల్వ్ అవుతుందా? చింతపిక్కలతో మొదలుపెట్టి మీరే తేల్చుకోండి

మా మేనల్లుడు తొమ్మిదో క్లాసు, ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరం ఆర్కే బీచ్ కెళ్ళి గట్టు మీద కూర్చుని చెస్ ఆడుకుంటాం, గాలికి పీసులు పడిపోకుండా మాగ్నెట్ బోర్డు ఒకటి దానికోసమే కొన్నాను. ఆమధ్య ఓ రోజు ఆట మధ్యలో ఆపేసి "మావయ్యా, ఏదో ఒకరోజు కంప్యూటర్ చెస్ మొత్తం సాల్వ్ చేసేస్తాది కదా, అప్పుడింక మనం ఆడేదేటి" అన్నాడు. మొహం చూస్తే నిజంగానే బెంగపడినట్టున్నాడు. అవదులేరా అనే మాట నా నోటిదాకా వచ్చింది, కానీ ఆ జవాబు వాడికి దేనికీ పనికిరాదు, ఎందుకవదో ఎంతవరకు అవుతుందో వాడి చేత్తో వాడు చూడాలి. అందుకని తర్వాత నాలుగైదు ఆదివారాలు ఇదే పని మీద కూర్చున్నాం. ఆ పద్ధతే వరసగా రాస్తున్నా, ఇంట్లో చెస్ పిచ్చి ఉన్న పిల్లలుంటే వాళ్ళతో కలిసి చెయ్యండి, పెద్దవాళ్ళు ఒక్కళ్ళే చేసుకున్నా బాగుంటుంది.

కావాల్సినవి 21 చింతపిక్కలు, ఓ కాగితం, చెస్ బోర్డు, నెట్ ఉన్న ఫోను. ఆఖర్న లాప్‌టాప్ కూడా కావాలి, అది కోడింగ్ వచ్చినవాళ్ళకి మాత్రమే.

ముందు చింతపిక్కలు

21 పిక్కలు కుప్పపొయ్యండి. ఇద్దరు ఆడాలి, వంతు వచ్చినవాళ్ళు ఒకటో రెండో మూడో తియ్యాలి, తియ్యకుండా వదలకూడదు, ఆఖరి పిక్క ఎవరు తీస్తే వాళ్ళు గెలిచినట్టు. ఓ నాలుగాటలు ఊరికే ఆడెయ్యండి. తర్వాత ఆపి, ఆటని మొదట్నుంచి కాకుండా చివర్నుంచి చూడండి.

నా వంతు వచ్చేసరికి కుప్పలో 1, 2, 3 లో ఏదున్నా మొత్తం తీసేస్తాను, నాదే గెలుపు. 4 ఉంటే? ఒకటి తీస్తే అవతలివాడికి 3 మిగుల్తాయి, రెండు తీస్తే 2, మూడు తీస్తే 1, ఏం చేసినా వాడే గెలుస్తాడు, అంటే 4 ఎవరి వంతుకొస్తే వాళ్ళు ఓడినట్టే. 5, 6, 7 అయితే అవతలివాడికి 4 మిగిల్చొచ్చు కాబట్టి గెలుపు. 8 మళ్ళీ ఓటమి, ఇలాగే 12, 16, 20. అంటే 21 తో మొదలుపెట్టేవాడు ఒక్క పిక్క తీసి 20 మిగిల్చాడంటే అవతల ఎంత తెలివైనవాళ్ళు కూర్చున్నా ఓడాల్సిందే. కాగితం మీద 0 నుంచి 21 దాకా రాసి ప్రతి నంబర్ పక్కనా గె అనో ఓ అనో పెట్టండి, ఐదు నిమిషాల పని. ఆ కాగితమే ఈ ఆటకి పూర్తి సొల్యూషన్, ఇంక ఆలోచించాల్సింది ఏమీ మిగల్లేదు.

ఈ కాగితం నింపడానికి వాడిన రూల్స్ రెండే అని గమనించండి. అవతలివాడు ఓడే చోటికి తీసుకెళ్ళే ఎత్తు ఒక్కటున్నా నాది గెలుపు. నేను ఏ ఎత్తు వేసినా అవతలివాడు గెలిచే చోటికే పోతోందంటే నాది ఓటమి. చెస్ లో డ్రా అనేది అదనంగా ఉంటుంది, ఈ రెండూ కానివన్నీ డ్రా కింద మిగుల్తాయి, అంతకుమించి తేడా లేదు. పేకాటలో లాగా దాచిన ముక్కల్లేవు, పాచికల్లేవు, ఆట ఎప్పటికీ సాగిపోకుండా ఒకే పొజిషన్ మూడుసార్లు వస్తే డ్రా, బంటు కదలకుండా ఏ పీసూ చావకుండా 50 ఎత్తులు గడిస్తే డ్రా అని రూల్స్ ఉన్నాయి. అందుకని స్టార్టింగ్ పొజిషన్ పక్కన కూడా మూడింట్లో ఒక అక్షరం రాసే ఉంది, తెల్ల గెలుపో నల్ల గెలుపో డ్రానో. ఈ దారిలో మొదట పేపర్ రాసింది ఎర్న్‌స్ట్ జెర్మెలో అనే జర్మన్ గణితవేత్త, 1913 లో, అప్పటికి కంప్యూటర్ అనే వస్తువే లేదు. కాబట్టి జవాబు ఉందా అనేది ప్రశ్న కాదు, ఉంది, ఆ కాగితం నింపగలమా అనేదే ప్రశ్న.

సాల్వ్ అంటే ఏ సాల్వ్?

ఇక్కడే ఎక్కువమంది గొడవపడతారు, ఒకళ్ళు అవుతుందంటారు ఇంకొకళ్ళు అవదంటారు, తీరా చూస్తే ఇద్దరూ వేరే వేరే విషయాలు మాట్లాడుతుంటారు. సాల్వ్ అనే మాటకి మూడు లెవెల్స్ ఉన్నాయి, విక్టర్ అల్లిస్ అనే ఆయన 1994 లో తన పీహెచ్‌డీ థీసిస్ లో వీటిని విడమర్చి చెప్పాడు.

అన్నిటికన్నా కింద లెవెల్ లో, ఎవరు గెలుస్తారో తెలుస్తుంది గానీ ఎలా గెలవాలో తెలీదు. హెక్స్ అనే ఆటలో మొదట ఆడేవాడిదే గెలుపని జాన్ నాష్ 1940ల్లోనే నిరూపించాడు, కానీ ఆ నిరూపణ చదివినవాడికి పెద్ద బోర్డు మీద మొదటి ఎత్తు ఎక్కడ వెయ్యాలో తెలీదు. రెండో లెవెల్ లో, మొదటి ఎత్తు నుంచి ఆఖరిదాకా ఎలా ఆడాలో పక్కాగా తెలుస్తుంది, కానీ మధ్యలో ఎవరో తప్పాడి ఎక్కడికో వెళ్ళిపోయిన పొజిషన్ గురించి అడిగితే చెప్పలేం. మూడోది మన పిక్కల కాగితం లాంటిది, ఆటలో రాగలిగే ప్రతి పొజిషన్ కీ జవాబు ఉంటుంది. పిల్లలు నోటుబుక్ వెనకాల ఆడుకునే ఇంటూ సున్నా ఆట మూడో లెవెల్ లో అయిపోయింది, దాన్లో మొత్తం పొజిషన్లు 5,478 మాత్రమే, ఇద్దరూ తప్పులేకుండా ఆడితే డ్రా.

అరుగుల మీద సుద్దముక్కతో గీసుకుని ఆడే దాడి ఆట గుర్తుందా, మూడు చతురస్రాలు ఒకదాన్లో ఒకటి, చెరొక తొమ్మిది పిక్కలు? అది కూడా సాల్వ్ అయిపోయింది. రాల్ఫ్ గాసర్ అనే ఆయన 1993 లో సుమారు 1000 కోట్ల పొజిషన్లు కంప్యూటర్ తో వెనకనుంచి లెక్కకట్టి డ్రా అని తేల్చాడు. మా అమ్మకి చెప్తే ఒప్పుకోలేదు, "మా అప్పయ్య ఎప్పుడూ ఓడలేదురా" అంది. డ్రా అంటే ఎవరూ గెలవరని కాదు, ఇద్దరూ ఒక్క తప్పు కూడా చెయ్యకపోతే మాట అని చెప్పాల్సొచ్చింది.

ఇంతవరకు పూర్తయిన పెద్ద ఆటల్లో నాకు బాగా నచ్చింది చెకర్స్ (చెస్ బోర్డు లాంటి గళ్ళ మీద ఒకేలాంటి పావులతో ఆడే ఆట) కథ. కెనడాలో అల్బెర్టా యూనివర్సిటీలో జొనాథన్ షేఫర్ టీమ్ 1989 లో మొదలుపెట్టి 2007 లో పూర్తిచేసింది, జవాబు డ్రా. అది రెండో లెవెల్ సొల్యూషన్. ఈ రెండో లెవెల్ అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు బోర్డు తియ్యండి

చాలామంది అడిగేది ఇది: మొదటి ఎత్తు తెల్లవాళ్ళది కదా, ఒక ఎత్తు ఎప్పుడూ ముందుంటారు కదా, గెలవకపోయినా కనీసం ఓడరు అని లాజిక్ తో చెప్పెయ్యొచ్చు కదా, దానికి కంప్యూటర్ దేనికి? హెక్స్ లో నాష్ చేసింది దాదాపు ఇదే, అక్కడ మన రాయి అదనంగా ఒకటి ఉండటం ఎప్పుడూ నష్టం కాదు. చెస్ లో ఇది ఎందుకు చెల్లదో చూడ్డానికి మూడు పీసులు చాలు.

తెల్ల రాజుని ఈ5 లో, అంటే ఈ (e) అనే నిలువు వరసలో కిందనుంచి ఐదో గడిలో పెట్టండి, దాని వెనకాల తెల్ల బంటు ఈ4 లో, నల్ల రాజు ఈ7 లో. రాజులిద్దరూ ఎదురెదురుగా, మధ్యలో ఒక్క గడి ఖాళీ. నల్లది ఎత్తు అనుకోండి. నల్ల రాజు ఎదురుగా రాలేడు కాబట్టి పక్కకో వెనక్కో తప్పుకోవాలి, వాడు డీ7 కి వెళ్తే మన రాజు ఎఫ్6 కి, వాడు ఎఫ్7 కి వెళ్తే మనం డీ6 కి, అలా ముందుకి తోసుకుంటూ వెళ్ళి బంటుని దాటించి క్వీన్ చేసుకోవచ్చు. గెలుపు. ఇప్పుడు అవే పీసులు అవే గళ్ళలో ఉంచి, ఎత్తు తెల్లది అనుకోండి. బంటు ముందు మన రాజే అడ్డం, బంటు కదల్లేదు, రాజే కదలాలి, డీ5 కి వెళ్తే నల్ల రాజు డీ7 కి వచ్చి మళ్ళీ ఎదురుగా నిలబడతాడు, ఎటు వెళ్తే అటు. ఎంతసేపు ఆడినా డ్రా.

మావాడు దీన్ని ఇరవై నిమిషాలు రెండువైపులా ఆడి చూసుకున్నాడు, తెల్లతో మొదట ఆడి గెలవాలని తెగ తంటాలు పడ్డాడు, చివరికి "మన వంతు రావడమే మనకి దెబ్బా" అన్నాడు. అంతే విషయం. ఆడక తప్పని పరిస్థితి, ఆడితే చెడిపోయే పరిస్థితి చెస్ లో నిజంగా ఉంది, చెస్ వాళ్ళు దీన్ని జుగ్‌జ్వాంగ్ అంటారు. అందుకే మొదటి ఎత్తు ఉంది కాబట్టి తెల్ల ఓడదు అనే మాటకి ఇప్పటిదాకా ఎవరి దగ్గరా నిరూపణ లేదు. ఆ నమ్మకం అందరికీ ఉంది, నాకూ ఉంది, అయినా నిరూపణ వేరు. అంటే చెస్ కి మొదటి లెవెల్ కూడా ఇంకా దాటలేదు.

ఫోన్లో చూడాల్సింది

లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్ ఫ్రీ, దాన్లో అనాలిసిస్ బోర్డు తెరిచి, పుస్తకం బొమ్మ ఉన్న బటన్ నొక్కండి, ఇందాకటి మూడు పీసుల పొజిషన్ పెట్టండి. ప్రతి ఎత్తు పక్కనా గెలుపా డ్రానా ఓటమా అని చూపిస్తుంది. ఇది ఇంజన్ (చెస్ ఆడే ప్రోగ్రాం) అంచనా కాదు, మన పిక్కల కాగితం లాంటిదే, వెనకనుంచి లెక్కకట్టి పెట్టుకున్న పట్టిక, టేబుల్‌బేస్ అంటారు. రాజులతో కలిపి 7 పీసుల దాకా ఏ పొజిషన్ పెట్టినా చెప్తుంది, ఎనిమిదోది పెట్టగానే చాలా పొజిషన్లకి ఆ పట్టిక మాయమైపోతుంది. ఒక పీసు తీసి ఒక పీసు పెట్టి ఆ గీత ఎక్కడుందో మీ కళ్ళతో చూడండి. చెస్ లో ఆ గీతకి ఇవతల ఉన్నదంతా మూడో లెవెల్ లో సాల్వ్ అయిపోయినట్టే, అవతలివైపు ఇప్పటికీ ఎక్కువభాగం చీకటే.

ఇక్కడొక జాగ్రత్త, అక్కడ కనపడే నంబర్ని చూసి ఇన్ని ఎత్తుల్లో చెక్‌మేట్ అనుకోకండి, లీచెస్ వాడే ఈ పట్టికల పేరు సిజిజీ, అవి లెక్కపెట్టేది తర్వాత బంటు కదిలేదాకానో పీసు చచ్చేదాకానో ఎన్ని ఎత్తులు అన్నది, 50 ఎత్తుల రూల్ కోసం.

సైజులు చూడండి. సిజిజీ టేబుల్స్ 6 పీసుల దాకా సుమారు 150 జీబీ, అంటే ఓ మామూలు లాప్‌టాప్ లో పట్టేస్తాయి. 2018 లో పూర్తయిన 7 పీసులవి 17 టీబీ పైన. ఒక్క పీసు పెరిగితే వంద రెట్లకి పైన పెరిగింది. దానికి ముందే 2012 లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో లొమొనొసోవ్ అనే సూపర్ కంప్యూటర్ మీద 7 పీసులవి కట్టారు, అవి ప్రతి పొజిషన్ కీ మేట్ ఎన్ని ఎత్తుల్లోనో కూడా దాచుకుంటాయి కాబట్టి 140 టీబీ అయ్యాయి. వాటిల్లో దొరికిన అన్నిటికన్నా పొడుగు గెలుపు 549 ఎత్తులు, ఒకవైపు క్వీను బంటు, అవతలివైపు రూకు బిషపు గుర్రం. 50 ఎత్తుల రూల్ ఉన్న మామూలు టోర్నమెంట్లో అది డ్రాగా ముగిసిపోతుంది. నాకైతే 7 పీసులకే ఇంత లోతు ఉండటం చెస్ గురించి తెలుసుకున్న అన్ని విషయాల్లోకీ గొప్పగా అనిపించింది, 32 పీసులతో మొదలయ్యే ఆట అడుగున ఏముందో ఊహకి కూడా అందదు.

లెక్క ఎలా వెయ్యాలి, ఎక్కడ తప్పు పడుతుంది

ఒక్కో పీసుకీ వంద రెట్లు అన్నాం కదా అని 8, 9, 10 అంటూ 32 దాకా గుణించుకుంటూ పోకండి, తప్పు జవాబు వస్తుంది. పీసులు పెరిగేకొద్దీ ఖాళీ గళ్ళు తగ్గుతాయి, బంట్లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి వాటిని అటూ ఇటూ మార్చినా కొత్త పొజిషన్ రాదు, అందుకని పెరుగుదల నెమ్మదిస్తుంది. రెండో తప్పు ఇంకా ఎక్కువమంది చేసేది, ఆటల సంఖ్యని పొజిషన్ల సంఖ్యతో కలిపేయడం. 1950 లో క్లాడ్ షానన్ రాసిన పేపర్లో 1 పక్కన 120 సున్నాలు అనే నంబర్ ఉంది, అందరూ దాన్నే చెప్తారు, అది ఎన్ని రకాలుగా ఆట సాగొచ్చు అన్నది. మొదట తెల్లకి 20 ఎత్తులున్నాయి, బంట్లవి 16 గుర్రాలవి 4, నల్ల జవాబుతో కలిపి 400, మూడో ఎత్తుకి 8,902, నాలుగుకి 1,97,281, ఐదుకి 48,65,609, ఇలా చెట్టు కొమ్మల్లా విడిపోతుంది. కానీ గుర్రం ముందు కదిపి తర్వాత బంటు కదిపినా, బంటు ముందు కదిపి తర్వాత గుర్రం కదిపినా చివరికి చేరేది ఒకే పొజిషన్ కే, పట్టికలో దానికి ఒక్క గడి చాలు. మనకి కావాల్సింది పొజిషన్ల లెక్క.

దానికి ఇప్పుడున్న మంచి అంచనా జాన్ ట్రాంప్ ది, లాటరీ తీసినట్టు పొజిషన్లు పుట్టించి వాటిల్లో నిజంగా ఆటలో రాగలిగేవి ఎన్నో చూసి లెక్కకట్టారు, సుమారు 48 పక్కన 43 సున్నాలు.

ఈ నంబర్ ఎంతో పట్టుకోవాలంటే మనకి తెలుగులోనే ఒక కొలత ఉంది. చదరంగం గళ్ళలో మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, తర్వాత నాలుగు, ఇలా రెట్టింపు చేస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్నో చెప్పే చాటు పద్యం మా తాతగారు చిన్నప్పుడు కంఠతా పట్టించారు, శర శశి షట్క చంద్ర అని మొదలవుతుంది. శరాలు 5, శశి 1, షట్కం 6, చంద్రుడు 1, అంకెలన్నీ ఒకట్ల స్థానం నుంచి ఎడమకి రాసుకుంటూ పోతే 1,84,46,74,40,73,70,95,51,615 వస్తుంది. పిల్లల చేత ఒక్కసారైనా రాయించండి, ఒక్క అంకె తప్పులేకుండా వస్తుంది. ఇప్పుడు ఆ గింజల్లో ప్రతి గింజకీ ఇంకో బోర్డు ఇచ్చి, అన్ని బోర్డుల్నీ మళ్ళీ అలాగే నింపించండి. అప్పుడొచ్చే గింజలు కూడా చెస్ పొజిషన్లకి సరిపోవు, ఇంకా సుమారు 14 లక్షల రెట్లు కావాలి.

మావాడికి అది కూడా గాల్లో మాటలా ఉందంటే ఇద్దరం ఇంకో లెక్క వేశాం. ఒక్కో పొజిషన్ జవాబుని ఒక్కో ఇనుము పరమాణువు మీద రాయగలిగామనుకుందాం, అంతకన్నా పొదుపు ఇంకెవరూ చెయ్యలేరు. ఒక ఇనుము పరమాణువు బరువు తెలుసు, గుణిస్తే సుమారు 445 పక్కన 14 సున్నాలు, అన్ని టన్నులు వస్తుంది. మన వైజాగ్ స్టీల్ ప్లాంట్ కెపాసిటీ ఏడాదికి 73 లక్షల టన్నులు. అంత ఇనుము తియ్యాలంటే ఫుల్ కెపాసిటీలో ఒక్కరోజు ఆగకుండా 600 కోట్ల సంవత్సరాలు నడవాలి, భూమి వయసే 450 కోట్ల సంవత్సరాల చిల్లర. గాజువాక వైపు నుంచి వస్తూ బస్సులో ఈ లెక్క ఫోన్లో రెండుసార్లు సరిచూసుకున్నాడు. మూడో లెవెల్ అంటే ఇది. ఇది అవదని నేను ఖాయంగా చెప్తాను, స్పీడు పెరగడం ఒక్కటే సమస్య అయితే సందేహం ఉండేది, ఇక్కడ పెట్టుకోడానికి చోటే లేదు.

మరి రెండో లెవెల్?

ఇక్కడ నేను అవదు అనను, మన జీవితకాలంలో చూడం అని మాత్రం అంటాను, ఎందుకంటే ఈ లెవెల్ కి అన్ని పొజిషన్లూ చూడక్కర్లేదు. స్టార్టింగ్ పొజిషన్ డ్రా అని నిరూపించాలంటే నావైపు ప్రతిచోటా ఒక్క మంచి ఎత్తు చాలు, అవతలివాడి ఎత్తులన్నిటికీ మాత్రం జవాబు ఉండాలి. చెకర్స్ లో మొత్తం పొజిషన్లు సుమారు 5 పక్కన 20 సున్నాలు, కానీ షేఫర్ వాళ్ళు లెక్కకట్టాల్సొచ్చింది 1 పక్కన 14 సున్నాల దగ్గర, ముందునుంచి చెట్టు వెతుక్కుంటూ వచ్చారు, వెనకనుంచి 10 పీసుల దాకా టేబుల్‌బేస్ కట్టుకున్నారు, రెండూ మధ్యలో కలిశాయి. బాగా కలిసొస్తే ఇలాంటి పని మొత్తం సంఖ్యకి వర్గమూలం దగ్గరకి తగ్గుతుంది, చెస్ కి అది 1 పక్కన 22 సున్నాల చుట్టుపక్కల, అంటే చెకర్స్ పనికి ఓ 10 కోట్ల రెట్లు. వినడానికి పెద్దదే గానీ 44 సున్నాల లాంటి గోడ కాదు. కాకపోతే ఆ వర్గమూలం ప్రతిసారీ సరైన ఎత్తే ముందు చూసినప్పటి మాట, పైగా చెకర్స్ లో చంపే ఛాన్స్ వస్తే చంపి తీరాలి, మామూలు పావులు వెనక్కి రాలేవు, ఆట త్వరగా సన్నబడుతుంది. చెస్ లో బంట్లు తప్ప అన్నీ వెనక్కొస్తాయి, ఎంతసేపైనా తిరుగుతాయి.

రేపెప్పుడైనా చెస్ సాల్వ్ అయిపోయింది అని ఎవరైనా చెప్తే మొదట అడగాల్సింది ఏ లెవెల్ అని. రెండోది, జవాబు నిరూపణా లేక ఇంజన్ నమ్మకమా అని. స్టాక్‌ఫిష్ అనే ఇంజన్ తెల్లకి కాస్త మొగ్గు అని పాయింట్లలో చూపిస్తుంది, అది చాలా మంచి అభిప్రాయం, కానీ అభిప్రాయమే. ఇంజన్ల మధ్య టోర్నమెంట్లు పెట్టేవాళ్ళు మామూలు స్టార్టింగ్ నుంచి ఆడిస్తే డ్రాలే ఎక్కువ వస్తున్నాయని కావాలని ఒకవైపు మొగ్గున్న ఓపెనింగులు ఇచ్చి ఆడిస్తున్నారు, దీన్నిబట్టి డ్రా అయ్యుంటుందని అందరం అనుకుంటున్నాం, అది కూడా నిరూపణ కాదు. 1997 లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ వరల్డ్ చాంపియన్ కాస్పరోవ్ ని ఓడించడం, 2017 లో ఆల్ఫాజీరో అనే ప్రోగ్రాం రావడం ఇవన్నీ బాగా ఆడటం గురించి. బాగా ఆడటానికీ సాల్వ్ చెయ్యడానికీ సంబంధం చాలా తక్కువ. మూడోది, బోర్డు సైజు అడగండి, 5x5 బోర్డు మీద ఆడే గార్డ్‌నర్ చిన్న చెస్ ని 2013 లో డ్రా అని తేల్చారు, హెడ్డింగులో ఆ చిన్న అనే మాట ఎగిరిపోతే కంగారు పడతాం.

మీ సొంత టేబుల్‌బేస్

పైథాన్ కాస్త వస్తే దీన్ని వదలకండి, మొత్తం పద్ధతిలో అసలు రుచి ఇక్కడే ఉంది. తెల్ల రాజు, తెల్ల క్వీను, నల్ల రాజు, మూడే పీసులు. ఒక్కోదానికి 64 గళ్ళు, ఎవరి ఎత్తు అన్నదానికి 2, మొత్తం 5,24,288 గళ్ళ పట్టిక. రెండు పీసులు ఒకే గడిలో ఉన్నవి, రాజులు పక్కపక్కన ఉన్నవి, ఎత్తు తెల్లది అయ్యుండి నల్ల రాజు చెక్ లో ఉన్నవి కొట్టెయ్యండి. మిగిలినవాటిల్లో చెక్‌మేట్లు వెతికి ఓ అని పెట్టండి. తర్వాత చింతపిక్కల రెండు రూల్సే, పట్టిక మొత్తం తిరుగుతూ కొత్తగా ఏమన్నా నిండుతున్నంతసేపూ మళ్ళీ మళ్ళీ. ఇంక ఏమీ నిండనప్పుడు మిగిలినవన్నీ డ్రా. నల్ల రాజు క్వీన్ ని తినేసే ఎత్తుని డ్రాకి పోయే దారిగా రాయడం మర్చిపోవద్దు.

మా ప్రోగ్రాం మొదటిసారి తప్పు చెప్పింది. నల్ల రాజు ఏ8, తెల్ల క్వీను బీ6, తెల్ల రాజు దూరంగా హెచ్1, ఎత్తు నల్లది, ఇది తెల్ల గెలుపు అని చూపించింది. మావాడు బోర్డు మీద పెట్టి చూసి "మావయ్యా, ఇది స్టేల్‌మేట్ కదా" అన్నాడు. నిజమే, నల్ల రాజు చెక్ లో లేడు, కదలడానికి ఒక్క గడి లేదు, డ్రా. ఎందుకలా వచ్చిందో కనుక్కోడానికి రెండు గంటలు పట్టింది: "నేను వేసే ప్రతి ఎత్తూ చెడ్డదైతే నాది ఓటమి" అనే రూల్ ని కంప్యూటర్ ఎత్తులే లేనివాడికి కూడా వర్తింపజేసింది, సున్నా ఎత్తుల్లో మంచిది ఒక్కటీ లేదు కాబట్టి అన్నీ చెడ్డవే అనుకుంది. పిక్కల ఆటలో కుప్ప ఖాళీ అయితే వంతు వచ్చినవాడు ఓడినట్టే కాబట్టి అక్కడ ఇది బయటపడలేదు. ఎత్తులు లేవు, చెక్ కూడా లేదు అంటే ముందే డ్రా అని పెట్టేయండి.

కోడ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోడానికి తెలిసిన నంబర్లున్నాయి. తెల్ల ఎత్తు అయినప్పుడు క్వీన్ తో అన్నిటికన్నా కష్టమైన పొజిషన్ 10 ఎత్తుల్లో మేట్ అవుతుంది, క్వీన్ బదులు రూక్ పెడితే 16. ఈ రెండూ వచ్చాక బంటు పెట్టండి, కానీ క్వీన్ పట్టికా రూక్ పట్టికా ముందు పూర్తయి ఉండాలి, ఎందుకంటే బంటు చివరి వరసకి చేరగానే ఆట ఆ పట్టికల్లోకి దూకుతుంది, పెద్ద టేబుల్‌బేస్ లు కూడా చిన్నవాటి మీదే ఇలాగే కట్టారు. బంటు పట్టికకి రావాల్సిన నంబర్ 28. మావాడికి అది బుధవారం రాత్రి వచ్చింది, వెంటనే చేసిన పని తెల్ల రాజు ఈ5, బంటు ఈ4, నల్ల రాజు ఈ7 అని టైప్ చెయ్యడం. తెల్ల ఎత్తుకి డ్రా, నల్ల ఎత్తుకి తెల్ల గెలుపు అని రెండు లైన్లు వచ్చాయి, స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపాడు.